చుక్కలకు చుట్టరికం లేదు

హిందూపురం,
ఏప్రిల్ 18.

అక్కా,

పెనుకొండ వాళ్ళు నిన్ను వద్దన్నారని నిన్ననే తెలిసింది. మన పక్కింటి పుల్లన్న ప్యాసింజరు దిగి నేరుగా మా జిరాక్సు షాపుకొచ్చినాడు. ఆధార్ కాపీలు తీయించుకుంటా, 'మీ రాధిక సంబంధం పాయె కదప్పా, జ్యేష్ఠ నక్షత్రమంట' అని, చిల్లర అడిగినంత తేలిగ్గా అన్నాడు. ఒక కాపీ బదులు పదకొండు కొట్టినా.

ఏమి కారణమంట? జ్యేష్ఠలో పుట్టిన పిల్ల కోడలుగా వస్తే మొగుని అన్నకు, అంటే ఆ పిల్లకు బావ అయ్యేవానికి, గండమంట! పెండ్లికొడుకు జగదీష్‌కు ఒక అన్న ఉన్నాడు కాబట్టి నువ్వు పనికిరావంట. దీన్ని నేను తీవ్రంగా ఖండిస్తాండా.

అక్కా, జ్యేష్ఠ అంటే ఏమనుకున్నావు? వృశ్చిక రాశిలో తేలు గుండెకాయ ఉండేకాడ వెలిగే ఎర్ర చుక్క. దాన్ని తెచ్చి సూర్యుని చోట పెడితే మన భూమినీ, దాని అవతలి అంగారకుణ్ణీ కూడా మింగేసేంత పెద్దది. దాని వెలుగు మన దగ్గరికి రావడానికే సుమారు ఐదువందల యాభై ఏండ్లు పడుతుంది. అంత దూరాన మండే నిప్పుముద్దకు పెనుకొండలో ఎవడో ఒకడు ఉన్నాడని, వాడు నీకు బావ అవుతాడని యాడ తెలుస్తుంది?

నువ్వు ఎప్పుడూ 'ఇది కావాల' అని నోరు తెరిచి అడిగింది లేదు. అట్లాంటిది ఈసారి 'ఆ ఇంటికైతే పోతాను' అన్నావంట, అమ్మ చెప్పిందని పుల్లన్న చెప్పినాడు. కాబట్టి నేను ఊరుకోను. ఒక కరపత్రం రాస్తాండా. పేరు కూడా పెట్టేసినా: 'చుక్కలకు చుట్టరికం లేదు'.

ఫోను చేయలేదేమని తిట్టుకోవద్దు. 'జేబులో జైలు' అనే ఎనిమిది పేజీల పుస్తకం చదివినాక నా ఫోను మా ఓనరు లక్ష్మీనారాయణ గారి బీరువాలో పెట్టించినా. ఆరు నెలలు ముట్టనని మాట ఇచ్చినా. జాబులే రాయి.

నీ తమ్ముడు,
సురేంద్ర


ధర్మవరం,
ఏప్రిల్ 25.

ఒరేయ్ సురేంద్రా,

నీ జాబు నాయన గట్టిగా చదివి వినిపించినాడు. చదివి, 'వీనికి ఫోను ఉన్నప్పుడే నయం, తిట్లు రెండు నిమిషాల్లో అయిపోయేవి' అన్నాడు. అవ్వ మాత్రం 'నా మనవడు ఎంత బాగా అరుస్తాడే, కాగితం మీద కూడా' అని మురిసిపోయింది.

నువ్వు అనుకున్నట్టు ఇక్కడ ఎవ్వరూ ఏడుస్తా కూర్చోలేదు. మగ్గం నడుస్తానే ఉండాది. ఆ రోజు ఏం జరిగిందో నాకంటే నీకే ఎక్కువ తెలిసినట్టుంది కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్తా విను.

ముగ్గురు వచ్చినారు. తల్లి పుట్టమ్మ, చిన్న కొడుకు జగదీష్, పెద్ద కొడుకు వేణుగోపాల్. జగదీష్‌ది బెంగళూరులో ఉద్యోగం. వచ్చినప్పటి నుంచి ఫోనే చూసుకుంటా ఉన్నాడు, నేనిచ్చిన కాఫీ మీగడ కట్టిపోయింది. అంతలో కరెంటు పోయింది. వీధంతా ఉండాది, మనింట్లోనే లేదు. నాయన పరువు పోయినట్టు నిలబడిపోయినాడు. అప్పుడు పెద్దాయన లేచి, 'నేను లైన్‌మన్‌నే, యాడుంది ఫీజు డబ్బా?' అని మగ్గాల గదిలోకి వచ్చినాడు.

ఫీజు వేసినాక మగ్గం మీది చీర చూసి, 'ఏమ్మా, అంచు ఇంత మసకగా ఉండాదే, జరీ వెలిసిందా?' అన్నాడు. నవ్వొచ్చింది. 'మేము చీరను బోర్లా నేస్తామండీ. మీకు కనపడేది వెనక పక్క. ముఖం నేలను చూస్తా ఉంటుంది' అని, చేతి అద్దం తీసి మగ్గం కింద పట్టి చూపించినా. ఆయన వంగి ఆ అద్దంలోకి చూసినాడు చూడు, చానాసేపు చూసినాడు. 'మీరు నేసింది నేసేటప్పుడు మీకే కనపడదన్నమాట. మాదీ అంతేలెండి, కరెంటు మాకూ కనపడదు' అన్నాడు.

పోయిన సంవత్సరం ఆయనకు స్తంభం మీద షాకు కొట్టి కుడి చేయి కాలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉండాది. అప్పటికి కుదిరిన సంబంధం వాళ్ళు కూడా 'స్తంభాలెక్కేవానికి పిల్లనివ్వం' అని తప్పుకున్నారంట. 'నాకు కాదు, తమ్మునికి ముందు చేయండి' అని ఆయనే పట్టుబట్టినాడంట. కాబట్టి ఆ పుట్టమ్మది పిచ్చి కాదు, భయం. నువ్వు పెనుకొండకు పోయి గొంతు చించుకోవద్దు. చెప్తాండా.

అక్క,
రాధిక


హిందూపురం,
మే 5.

అక్కా,

పోయినా.

కోప్పడే ముందు మొత్తం చదువు. ఆదివారం పొద్దున పెనుకొండలో దిగి వాళ్ళింటికి నడిచే లోపల నా వాదన మూడు భాగాలుగా సిద్ధం చేసుకున్నా. పుట్టమ్మ గారు గడపలో కూర్చోని చింతపండు గింజలు తీస్తా ఉన్నారు. నేను ఫలానా అని చెప్పి, నిలబడే మొదటి భాగం మొదలుపెట్టినా. ఆమె మధ్యలో లేచి పోయినారు. గెలిచినా అనుకున్నా. మజ్జిగ తెచ్చేకి పోయినారంతే.

'తాగి అరువప్పా, గొంతు ఆరిపోతుంది' అన్నారు.

తాగి మళ్ళీ అరిచినా. నక్షత్రమంటే నిప్పు అన్నా, భయం పెట్టి బతికే వాళ్ళ కుట్ర అన్నా, ఐదువందల యాభై కాంతి సంవత్సరాలు అన్నా. ఆమె అన్నీ విని, ఒక్క మాట అడిగినారు.

'సరే అబ్బీ. ఆ చుక్కను నువ్వు చూసినావా?'

అక్కా, నేను చూడలేదు. పుస్తకాల్లో బొమ్మ చూసినా. దాని బరువు తెలుసు, వేడి తెలుసు, వయసు తెలుసు. ఆకాశంలో యాడుంటుందో తెలియదు. నెత్తి గోక్కున్నా. మెట్టు మీద కూర్చోని బూట్లు వేసుకుంటున్న వేణుగోపాల్ పకపకా నవ్వినాడు. నిజం చెప్పాలంటే ఆ నవ్వులో ఎగతాళి లేదు, కానీ నాకు కాలింది.

'నేనూ చూడలేదు,' అన్నారు ఆమె. 'చూడందానికి నేను భయపడతాండా, చూడందాన్ని నువ్వు తిడతాండావు. ముందు నాకు దాన్ని చూపించు. నా కండ్లతో చూసినాక ఈ సంబంధం గురించి మళ్ళీ మాట్లాడతా.'

ఒప్పుకున్నా! ఈ నెలాఖరు అమావాస్య దాటినాక, చీకటి ఉండే సాయంత్రం. వేణుగోపాల్ గారు మున్సిపాలిటీ వాళ్ళను అడిగి వీధి దీపాలు అరగంట ఆర్పిస్తానన్నారు. ఇంక ఇది నీ పెండ్లి ఒక్కటే కాదు, ఒక ఉద్యమం.

సురేంద్ర


ధర్మవరం,
మే 12.

ఉద్యమకారునికి,

పోవద్దంటే పోయినావు. మజ్జిగ తాగి తిట్టి వచ్చినావు. మన వంశంలో ఇట్లాంటి పని ఎవరూ చేయలేదని అవ్వ అంటాంది. తిట్టాలంటే నీళ్ళు కూడా ముట్టకుండా తిట్టాలంట.

అయినా ఆమె అడిగింది న్యాయంగానే ఉండాదిరా. నేను పుట్టిందే ఆ నక్షత్రంలో, ఇరవై ఆరేండ్లు వచ్చినాయి, నేను కూడా ఒక్కసారి తలెత్తి చూడలేదు. పొద్దున లేస్తే పోగులు చూడ్డం, పొద్దు గూకితే నడుము నొప్పి చూసుకోవడం. చూపించేది సరిగ్గా చూపించు. నా పేరు నలుగురి నోళ్ళలో పడుతుంది, గుర్తుపెట్టుకో.

ఆయన చేయి పూర్తిగా మానిందా? బూట్ల లేసులు కట్టుకునేటప్పుడు వేళ్ళు బాగా వంగినాయా? ఊరికే అడుగుతాండా.

రాధిక


హిందూపురం,
మే 22.

అక్కా,

వేళ్ళు నేను చూడలేదు. నా ధ్యాసంతా ఆకాశం మీద ఉంటే నువ్వు లేసుల గురించి అడుగుతావేంది?

పెద్ద మోసం బయటపెట్టినా. రాశుల పటం ఉండే చిన్న పుస్తకం తెప్పించినా. తెరిచి చూస్తే, దిక్కులు తప్పు! కింద దక్షిణం, సరే. కానీ ఎడమ పక్క తూర్పు, కుడి పక్క పడమర అని వేసినారు. ఏ ఊరి పటంలోనైనా తూర్పు కుడి పక్క ఉంటుంది, ఒకటో తరగతి పిల్లోనికి తెలుసు. సైన్సు పేరు పెట్టుకోని ఇంత నిర్లక్ష్యమా? అచ్చు వేసిన వాళ్ళకు రెండు పేజీల ఘాటైన ఉత్తరం రాసి పోస్టు చేసినా.

అంతటితో ఆగలేదు. ఆ పటాన్ని తిప్పి గీసినా. తూర్పును కుడికి తెచ్చినా, తేలు తల ఎడమకు, తోక కుడికి వచ్చినాయి. నా కరపత్రం వెనక ఆ సవరించిన పటం వేసి రెండువందల కాపీలు తీసినా. అసలు పటం కూడా పక్కన అంటించి ఒకటి నీకు పంపిస్తాండా. ఈ నెల 29, సాయంత్రం ఎనిమిది గంటలకు పెనుకొండలో. విజయం మనదే.

సురేంద్ర


పెనుకొండ,
మే 30.

అక్కా,

ఇది రాయాలని లేదు. నా స్నేహితుడు దేవదాసు ఇంట్లో కూర్చోని రాస్తాండా. హిందూపురం పోవాలంటే వాళ్ళ వీధి మీదుగానే బస్‌స్టాండుకు పోవాల, కాస్త ధైర్యం వచ్చేదాకా ఈడే ఉంటా.

నలభై మంది వచ్చినారు. దీపాలు ఆరిపోయినాయి. ఆకాశం అద్దంలా ఉండాది. నేను అందరినీ దక్షిణం వైపు నిలబెట్టి, ఛాతీ దగ్గర పటం పట్టుకోని, తేలు ఇంకా తూర్పు నుంచి పైకి రాలేదేమో అని, నా పటంలో తూర్పు ఉండే కుడి పక్కకు అందర్నీ తిప్పినా. అందరి మెడలూ ఆ పక్కకు తిరిగినాయి.

ఏమీ లేదు. ఎర్ర చుక్క లేదు, తల లేదు, తోక లేదు. ఆ పక్కన కొంచెం పసుపుగా ఒక్క చుక్క మాత్రం ఒంటరిగా ఉండాది. ఏం చేయాల్నో తోచక దాన్నే చూపించి, 'అదే జ్యేష్ఠ!' అని అరిచినా.

పుట్టమ్మ గారు కండ్లు చికిలించి చూసి, 'తేలు యాడప్పా? ఒంటి చుక్కే ఉండాది' అన్నారు.

వెనక నుంచి ఎవరో, 'నీ అరుపులకు తేలు పారిపోయింది లే' అన్నారు. నలభై మంది నవ్వు, అక్కా. పిల్లలు నా కరపత్రాలతో విసనకర్రలు చేసుకున్నారు.

నేను ఏం చేసినానో కూడా చెప్పేస్తా. 'ఇంత అజ్ఞానంలో ఉన్న వాళ్ళకు ఆకాశం కనపడదు' అని అరిచి వచ్చేసినా. దీపాలు వెలిగినాక వేణుగోపాల్ గారు వెనకాలే వచ్చి, నేను పారేసిన కరపత్రం ఒకటి మడిచి జేబులో పెట్టుకోని, 'ఇంకొకసారి చూద్దాం లేప్పా, ఆకాశం యాడికీ పోదు కదా' అన్నాడు. ఆయన అట్లా మంచిగా మాట్లాడినందుకు ఇంకా కోపం వచ్చింది.

నీ పెండ్లి నేనే చెడగొట్టినా. తిట్టు.

సురేంద్ర


ధర్మవరం,
జూన్ 13.

ఒరేయ్ పిచ్చోడా,

తిట్టను. నవ్వి నవ్వి కడుపు నొప్పి. నాయన మగ్గం మీద కూర్చోని పోగు అతికేది ఆపి మరీ నవ్వినాడు.

నీ సవరించిన పటమూ, దాని పక్కన నువ్వే అంటించిన అసలు పటమూ చూసిన మరుక్షణం నాకు అర్థమైంది. అచ్చు వేసిన వాళ్ళది తప్పు కాదురా, నీది. నేల పటాన్ని నువ్వు పైనుంచి కిందికి చూస్తావు. ఆకాశాన్ని కింద నుంచి పైకి చూస్తావు. మన చీర మాదిరే, ఆకాశం బోర్లా ఉండాది, ముఖం మనల్ని చూస్తాంది. ఆ పటాన్ని ఛాతీ దగ్గర పట్టుకుంటే ఎట్లా? దక్షిణం వైపు తిరిగి, అసలు పటాన్నే నెత్తి మీదికి ఎత్తి పట్టుకో, కాగితం ముఖం కిందికి ఉండేట్టు. అప్పుడు ఎడమ చేతి పక్క తూర్పే వస్తుంది. మగ్గం కింద అద్దం పట్టి పెరిగినోడివి, ఇది తోచలేదా?

రెండోది. అవ్వ అడగమంది: 'మీ పుస్తకాల్లో కేలండరు లేదా?' మొన్న ఏరువాక పున్నమి కదా. ఆ మాసం పేరే జ్యేష్ఠం. ఎందుకంటే ఆ మాసంలో పున్నమి చంద్రుడు జ్యేష్ఠ దగ్గరికే వస్తాడంట. గోడ మీది కేలండరులో తేదీ కింద రోజూ ఒక నక్షత్రం పేరు వేస్తారే, అది ఆ రోజు చందమామ యాడుంటాడో చెప్పే చిరునామా అంట. ఇన్నేండ్లు ఆ గళ్ళు మంచి రోజు చూసుకునేకే అనుకున్నా నేను.

ఆ పున్నమి రాత్రి ఎనిమిదికి మిద్దె ఎక్కినాం, అవ్వను చేయి పట్టి ఎక్కించినా. ఆగ్నేయంలో చందమామ. అవ్వ చేయి చాపి, పిడికిలి బిగించి, 'చందమామకు కుడి పక్క ఒక పిడికిలి, ఇంకొంచెం' అని కొలిచింది. ఆడ ఉండాది, సురేంద్రా. ఎర్రగా. అద్దకం కాడ కుంకుమరంగు పట్టును మొదటి నీళ్ళలో జాడించినప్పుడు ఒక ఎరుపు వస్తుంది, చూసినావా, ఆ ఎరుపు. గ్రహమైతే నిలకడగా ఉంటుందంట, ఇది మాత్రం ఊపిరి పీలుస్తున్నట్టు మినుకు మినుకుమంటాంది. నా చుక్కను నేను మొదటిసారి చూసుకున్నా. ఎవరికీ చెడు చేసే దాని మాదిరి లేదు.

పున్నమి వెలుగుకు తేలు మిగతా ఒళ్ళు కనపడలేదు. అవ్వ చెప్పింది, ఈ రోజు చోటు గుర్తుపెట్టుకోని, చందమామ లేని రోజు మళ్ళీ చూడాలంట. అప్పుడు కొండి దాకా కనపడుతుందంట.

ఇదంతా వేణుగోపాల్ గారికి కూడా చెప్పినా. ఆయన ఫోను చేసి, కరపత్రంలో పటం తిరగబడిందేమో అని అడిగినారు. అద్దంలో చూస్తే సరిపోతాందంట.

రాధిక


హిందూపురం,
జూన్ 25.

అక్కా,

పంచాంగం పట్టుకోని సైన్సు నేర్చుకోమంటావా! నీ జాబు చదివి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు లక్ష్మీనారాయణ గారి షాపు గోడ మీది కేలండరు ముందు నిలబడి గళ్ళన్నీ చదివినా. ఆయన 'ఏమబ్బా, ముహూర్తం పెట్టుకుంటాండావా?' అన్నారు. చెప్పక తప్పలేదు. చంద్రుడు రోజుకు ఒక నక్షత్రం చొప్పున నడిచిపోయే దారి అది. మన పెద్దలు ఎవరో చూసి, లెక్క కట్టి, రాసినారు. దాని పక్కన భయాన్ని ఎవరు రాసినారో వేరే విషయం. రెంటినీ కలిపి తిట్టినందుకు నాకు సిగ్గుగా ఉండాది. అచ్చు వేసిన వాళ్ళకు క్షమాపణ కూడా రాసినా. ఇది నాలుగు పేజీలు.

నిన్న చందమామ లేడు. షాపు మూసినాక సైకిలు వేసుకోని లేపాక్షి రోడ్డులో దీపాలు అయిపోయేదాకా పోయినా. దక్షిణం వైపు తిరిగి, పావుగంట ఏ వెలుగూ చూడకుండా నిలబడినా, కండ్లు చీకటికి అలవాటు పడేదాకా. అసలు పటాన్ని నెత్తి మీద పట్టుకోని చూసినా.

ముందు మూడు చుక్కలు, నిలువుగా పేర్చినట్టు. అది తల, అదే అనూరాధ. దాని కింద ఎడమగా జ్యేష్ఠ, అటూ ఇటూ రెండు చిన్న చుక్కలు కావలి కాసినట్టు. ఆడి నుంచి ఒళ్ళు కిందికి జారి, నేల దగ్గర ఎడమకు మెలి తిరిగి, కొక్కెం మాదిరి మళ్ళీ పైకి లేస్తుంది. కొండి చివర దగ్గరదగ్గరగా రెండు చుక్కలు. అది మూల. అక్కా, అది బొమ్మ కాదు. తేలే. అంత పెద్ద తేలు రోజూ నా నెత్తి మీద నడుస్తాంటే, నేను కిందికి వంగి దాని గురించి చదువుతా ఉన్నా. ఎవరి మీదా అరవాలనిపించలేదు. చానా వింతగా ఉండింది.

అన్నట్టు, వేణుగోపాల్ గారు నీకు ఫోను చేసేదేంది? పటం గురించి అడగాలంటే నాకు జాబు రాయచ్చు కదా?

సురేంద్ర


పెనుకొండ,
జూలై 22.

అక్కా,

చూపించినా! ఆమె చూసినారు!

ఈసారి జనాన్ని పిలవలేదు, కరపత్రం లేదు. వాళ్ళ మిద్దె మీద పుట్టమ్మ గారు, వేణుగోపాల్ గారు, సెలవు మీద వచ్చిన జగదీష్, నేను. ఎనిమిది దాటేసరికి తేలు దక్షిణంలో నిటారుగా నిలబడి ఉండాది. వెతకాల్సిన పని కూడా లేదు. ఆమె చేయి పట్టుకోని తల నుంచి కొండి దాకా చూపించినా. ఆమె కొంగుతో కండ్లు తుడుచుకోని మళ్ళీ చూసినారు.

నేను మెల్లగా, నిజంగానే మెల్లగా చెప్పినా: 'పెద్దమ్మా, ఇవి ఒకదాని పక్కన ఒకటి ఉన్నట్టు కనపడతాయి గానీ, ఒక్కోటి ఒక్కో దూరంలో ఉండాది. వీటికి ఒకదానితో ఒకటికే చుట్టరికం లేదు. ఈ ఎర్రదాని వెలుగు బయలుదేరినప్పుడు విజయనగరం రాజులు ఉన్నారు. ఈ కోటలో గుర్రాలు కట్టేసే కాలంలో.'

'అప్పటి నుంచి నడుస్తానే ఉండాదా! పాపం,' అన్నారు ఆమె. దూరం నుంచి వచ్చిన చుట్టానికి చెంబుతో నీళ్ళు ఇవ్వబోయినట్టు.

తర్వాత కూర్చోని, 'అబ్బీ, నాకు చుక్క మీద కోపం లేదు. చూసినా, బాగుండాది. కానీ వీడు పొద్దున నిచ్చెన తీసుకోని పోతాడే, సాయంత్రం వచ్చేదాకా నేను గడప వదలను. ఏ ఇంట్లోనైనా దీపం ఆరితే గుండె ఆగిపోతుంది. రేపు వీనికి ఏమన్నా అయితే, ఆ పిల్ల మొగం చూసి ఒక మాట అననని నేను చెప్పలేను. అందుకే వద్దంటి. ఆ పిల్లను కాపాడుకునేకే' అన్నారు.

ఈ భయం సంగతి నా వాదనలో లేదు, అక్కా. మూడు భాగాల్లో ఏ భాగంలోనూ లేదు.

అప్పుడు ఆ జగదీష్ ఫోనులో నుంచి తలెత్తి, 'అయినా నాకు ఇప్పుడే పెండ్లి వద్దమ్మా, అన్న బలవంతం చేస్తే వచ్చినా' అన్నాడు! మూడు నెలలుగా నేను కొట్లాడతాంటే ఇప్పుడా చెప్పేది? వాని మీద చేయి లేచింది. వేణుగోపాల్ గారు మధ్యలో నిలబడినాడు కాబట్టి సరిపోయింది.

చుక్క దొరికింది, పెండ్లి పోయింది. నాకు మాత్రం ఏడుపొస్తాంది. నువ్వు ధైర్యంగా ఉండు.

సురేంద్ర


ధర్మవరం,
జూలై 28.

తమ్ముడూ,

నేను ధైర్యంగానే ఉన్నా. నీకు ఒక విషయం చెప్పాల. నువ్వు కూర్చోని చదువు.

నేను అమ్మతో ఏమన్నానో మళ్ళీ ఒకసారి గుర్తు చేసుకో. 'ఆ ఇంటికైతే పోతాను' అన్నా. జగదీష్ పేరు నేను ఎత్తలేదు. నువ్వూ, అమ్మా, పుల్లన్నా ఎత్తినారు. నేను కాదనలేదు, అది నా తప్పే. వచ్చినోడు తమ్ముడు, నాకు నచ్చింది అన్న అని యాడ చెప్పుకునేది? ఆయన కూడా అంతే, తమ్మునికి చూసిన పిల్ల అని రెండు నెలలు పటం గురించే మాట్లాడినాడు. తల నుంచి కొండి దాకా తేలు గురించి మాకిద్దరికీ తెలియంది లేదిప్పుడు. మొన్న నువ్వు మిద్దె దిగి పోయినాక ఆయన ఫోను చేసినాడు. తేలు ఊసెత్తకుండా, 'ఇంక అడగచ్చా?' అన్నాడు. అడగచ్చన్నా.

నాయనకు చెప్పినా. స్తంభాల పని అని కొంచెం వెనకాడినాడు. 'తేళ్ళు దూరే మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని నలభై ఏండ్లు కూర్చుంటివే, అప్పుడు లేని భయం ఇప్పుడేంది' అని అవ్వ అరిచేసరికి ఒప్పుకున్నాడు.

ఇంక మిగిలింది పుట్టమ్మ గారు. జాగ్రత్తగా విను. జ్యేష్ఠలో పుట్టిన పిల్ల వల్ల గండం ఎవరికి? ఆమెకు బావ అయ్యేవానికి. ఆయన నాకు బావ కాకుండా ఉండే దారి ఒక్కటే ఉండాది.

ఈ మాట వాళ్ళమ్మకు ఆయన చెప్పలేడంట, సిగ్గు. నేను చెప్తే బాగుండదు. నాయన పోతే పెద్ద వ్యవహారం అవుతుంది. నువ్వే పోవాల. ఆషాఢం కూడా అయిపోయింది.

రాధిక


హిందూపురం,
ఆగస్టు 1.

రాధికకు,

పోను.

మూడున్నర నెలలు! నలభై మంది ముందర పరువు పోగొట్టుకోని, నాలుగు పేజీల క్షమాపణ రాసి, చివరికి నన్ను పోయి ఏం చెప్పమంటావు? 'పెద్దమ్మా, మీ మూఢనమ్మకం నిజమే, కానీ అందులో ఒక సందు ఉండాది' అనా? పెద్ద కొడుకుకు అన్న లేడు కాబట్టి గండం లేదనా? అంటే అన్న ఉంటే ఉన్నట్టేనా? నేను రాసినదంతా నా నోటితోనే నేను కొట్టేసుకోవాలనా? ఇది సిద్ధాంతానికి ద్రోహం.

పోతే గీతే, 'మీ నమ్మకం తప్పు, అయినా పిల్లనిచ్చుకోండి' అని చెప్తా. లేకుంటే లేదు.

వేళ్ళు వంగినాయా, లేసులు కట్టుకున్నాడా అని మే నెలలోనే రాసినావు. నాకెందుకు తోచలేదు! నలభై కిలోమీటర్ల అవతల నుంచి నీ కొంప నువ్వు కట్టుకుంటాంటే, నేను ఐదువందల యాభై కాంతి సంవత్సరాలు చూస్తా ఉన్నా.

సురేంద్ర


పెనుకొండ,
ఆగస్టు 5.

అక్కా,

వచ్చినా. వాళ్ళ వరండాలో కూర్చోనే ఇది రాస్తాండా, నువ్వు కంగారు పడతావని.

వచ్చేటప్పుడు రైల్లో నా మాట సిద్ధం చేసుకున్నా. నమ్మకం తప్పు అని ముందు చెప్పాల, తర్వాతే మిగతాది. పుట్టమ్మ గారు గడపలో ఉన్నారు. టైము ఆరు. పొద్దున ఎక్కడో లైను తెగిందంట, పెద్ద కొడుకు ఇంకా రాలేదు. నన్ను చూసి 'కూర్చో' అన్నారు గానీ, కండ్లు వీధి చివర్లోనే ఉన్నాయి. మజ్జిగ సంగతి ఆమెకు గుర్తే లేదు. నేను కూడా ఆమె పక్కన గడపలో కూర్చున్నా. గంటన్నర కూర్చున్నాం. ప్రతి బండి చప్పుడుకూ ఆమె చేయి నా మోకాలు మీద బిగుసుకునేది. సిద్ధాంతం చెప్పేకి అది చోటు కాదక్కా.

ఏడున్నరకు ఆయన వచ్చినాడు. భుజం మీద నిచ్చెన, ఒళ్ళంతా దుమ్ము. ఆమె లేచి లోపలికి పోయి నీళ్ళు తోడినారు. అప్పుడు వెనకాలే పోయి చెప్పేసినా. ముందూ వెనకా ఏమీ లేకుండా.

'పెద్దమ్మా, మా అక్కకు మీ పెద్ద కొడుకు బావ కావద్దు. మొగుడే కావాలంట.'

చెంబు చేతిలోనే ఉండాది. నా మొగం చూసినారు, తర్వాత గుమ్మం కాడ తల దించుకోని నిలబడిన కొడుకు మొగం చూసినారు. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నారు. 'వీడే పెద్దోడు. వీనికి అన్న లేడు' అని తనకు తానే చెప్పుకున్నారు. తర్వాత నా మీద ఇంతెత్తున లేచినారు.

'ఈ మాట మొదటి రోజే చెప్పలేకపోతివా? మెడలు పట్టుకుపోయేట్టు ఆకాశం చూపిస్తివే నాకు!'

నేను నోరు తెరిచినా. 'ఇది శాస్త్రీయంగా...' అనబోయినా. మూసుకున్నా.

ఆమె కొడుకును అడిగినారు, 'ఏరా, ఆ పిల్లకు తెలుసా నువ్వు ఏ టైముకు ఇల్లు చేరతావో, చేరవో?' ఆయన తల ఊపినాడు. 'తెలిసే ఒప్పుకునిందా?' మళ్ళీ ఊపినాడు.

ఆమె వచ్చి గడపలో కూర్చున్నారు, నేను కూర్చోని లేచిన చోటు పక్కన. ఆ చోటును చేత్తో తుడిచి, 'అయితే సరే. ఇన్నేండ్లు ఈడ ఒక్కదాన్నే కూర్చుంటి. ఇంక ఇద్దరం కూర్చుంటాం' అన్నారు.

శుక్రవారం వాళ్ళు మనింటికి వస్తారంట. నాయనకు చెప్పు.

సురేంద్ర